మామ ముఖంలో ఏడేళ్లు

ఆ రోజుల్లో మా ఉప్పుగూడలో పుట్టడం అందరూ పుట్టేవారు గానీ పుట్టినరోజు మాత్రం ఎవరికీ ఉండేది కాదు. వయసెంతని అడిగితే మూసీ వైపు చూసి లెక్క చెప్పేవారు. ఆ నది ఒక ఏడు పొంగి సగం పట్నాన్ని ముంచిపోయింది కదా, దాన్ని మావాళ్లు తుగ్యానీ అనేవారు. ఫలానా ఆయన తుగ్యానీ నాటికి నడుస్తున్నాడు, ఫలానా ఆవిడ తుగ్యానీ నాటికి తల్లి కడుపులో ఉంది – ఇదే మా పంచాంగం. సర్కారుకు కూడా ఇంతకంటే ఎక్కువేమీ తెలియదు. నౌకరీలో ఎవరి వయసు మీదైనా అనుమానం వస్తే ఆ మనిషిని డాక్టరు ముందు నిలబెట్టేవారు; ఆయన ముఖం చూసి ఒక అంకె వేసేవాడు. ఎడ్ల అంగట్లో పళ్లు చూస్తారు, ఇక్కడ ముఖం చూసేవారు, అంతే తేడా.

మా మీసాల మామకు ఆ అవస్థ వచ్చిపడింది. మా అమ్మకు అన్న ఆయన. నయాపూల్ పక్కన ఒక దఫ్తరులో కాగితాలకు నకళ్లు రాసే గుమాస్తా. యాభై అయిదు నిండితే ఇంటికి పొమ్మంటారు. ఆయన పుట్టిన సంవత్సరం ఉన్న కాగితాన్ని చెదలు తినేశాయి. (మామ దాన్ని దేవుడి దయ అన్నాడు. నేను చెదల ఆకలి అన్నాను.) పై అధికారి, నెల తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లి వయసు రాయించుకు రమ్మన్నాడు. డాక్టరు నలభై ఎనిమిది అని రాస్తే ఇంకా ఏడేళ్ల జీతం. మామ చిన్నకొడుకు అప్పుడు నాలుగో తరగతి. ఏడేళ్లయితే మెట్రిక్ గట్టెక్కుతాడు. నేను మెట్రిక్ గట్టెక్కి, ఆ గట్టు మీదే కూర్చుని, మామ ఇంట్లో రెండుపూటలా తింటున్నవాణ్ణి. కాబట్టి ఆ ఏడేళ్ల మీద నాకూ మమకారం ఉండేది.

చిక్కల్లా ఏమిటంటే మామ ముఖం నలభై ఎనిమిదికి ఒప్పుకునేది కాదు. ఊళ్లోవాళ్ల గొలుసుకట్టు రాత చదివి చదివి కనుబొమల మధ్య రెండు గీతలు నాగలి చాళ్లలా పడ్డాయి. బుగ్గలు కిందికి దిగాయి. మేమంతా దిగులుపడుతుంటే మా గల్లీ నీళ్ల నానీ ఓదార్చడానికి వచ్చింది. పుట్టిన పిల్లలకు నూనె రాసి, నీళ్లు పోసి, చప్పిడి ముక్కును వేళ్లతో మెల్లగా పైకి తీర్చడం ఆమె పని. మా గల్లీలో ఉన్న ముక్కులన్నీ ఆమె చేసినవే. (నాది ఆమె జ్వరంతో పడుకున్న వారంలో పుట్టింది.) ఆమె చూపు మామ ముఖం మీద ఒక లోటాడు నీళ్లు పోసినంతసేపు నిలిచింది. పసిపిల్లల ముఖం దిద్దే చేతికి ముసలి ముఖం ఓ లెక్కా, నెల చాలు అంది. పరాయి మగవాడి ముఖం తాను ముట్టుకోదు కాబట్టి విద్య నాకు నేర్పుతానంది. ఖాళీగా ఉన్న చేతులు ఇంట్లో నావే.

పక్కింటి పసివాణ్ణి ఒళ్లో వేసుకుని పాఠం చెప్పింది. కనుబొమల నడుమ, కణతల దగ్గర, ముక్కుకు రెండు పక్కలా, చెంప ఎముక కింద, చెవి వెనక – వేలి కొస ఆనించి, ఊపిరి వదిలినంతసేపు ఉంచి తీయాలి. తర్వాత నువ్వుల నూనె చేత్తో గడ్డం నుంచి పైకి నిమరాలి. కిందికి మాత్రం నిమరకూడదు. పసివాడు కిలకిలా నవ్వాడు. సాయంత్రం మామను మంచం మీద పడుకోబెట్టి నేను అదే చేస్తే ఆయన నవ్వలేదు. పని తొందరగా తెమలాలని నా బలమంతా బొటనవేలిలో పెట్టాను. మర్నాడు మామ నుదుటి నడుమ ఎర్రటి బిళ్లతో దఫ్తరుకు వెళితే అందరూ ఏం మొక్కు తీర్చుకున్నావని అడిగారట.

నానీ నా చెయ్యి పట్టుకుని చూసి, "గిది కుస్తీ కాదు బేటా. జర హల్కగ. పాల మీద మీగడ చినగకుండ తీస్తరు సూడు, గట్ల," అంది.

అప్పటి నుంచి మీగడ తీశాను. విచిత్రం ఏమంటే, మెల్లగా ముట్టుకోవడం మొదలుపెట్టాక మామ రెండో నిమిషంలోనే నిద్రపోయేవాడు. ఏళ్ల తరబడి సగం సగం నిద్రపోయిన మనిషి. తలకింద దఫ్తరు, కాళ్లకింద ఇల్లు పెట్టుకుని పడుకునేవాడు. వారం తిరిగేసరికి నుదుటి చాళ్లు పూడటం మొదలైంది. రెండు వారాలకు కళ్ల కింది సంచులు ఖాళీ అయ్యాయి. పాన్‌డబ్బా ఆయన "క్యా మియా, కొత్త పెండ్లా?" అన్నాడని మామ ఇంటికొచ్చి మూడుసార్లు చెప్పాడు. ఆ రాత్రి అత్తమ్మ వడ్డించిన పప్పులో నెయ్యి మామకు ఎక్కువ పడింది. (నా చేతి విద్యకు నా కంచంలో ఏమీ పడలేదు.) ఆఖరికి నానీ, ముఖమంతా పైకి లేస్తోంది, ఆ మీసమే కిందికి లాగుతోంది అంది. మంగలి నిజంగానా అని రెండుసార్లు అడిగి, తీశాడు. తీసింది మామ బట్టలో మూటగట్టి పెట్టెలో దాచుకున్నాడు. చిన్నకొడుకు బడి నుంచి వచ్చి, బాపు ఏడి అని ఆయన్నే అడిగాడు.

ఆ మీసానికి ఒక చరిత్ర ఉంది. తుగ్యానీ రోజు మామ నది ఒడ్డున ఉన్న అత్తవారింట్లో ఉన్నాడు, కొత్తల్లుడు. నీళ్లు ఇల్లెక్కితే అత్తగారిని వీపు మీద వేసుకుని, ఆవిడ ఆయన మీసం కొనలు రెండూ కళ్లెంలా పట్టుకోగా, ఈదుకుంటూ ఎదురు మేడ చేరాడు. ఈ కథ మా గల్లీలో కుక్కలకు కూడా కంఠతా వచ్చు. (అత్తమ్మ చెప్పే కథ వేరు: వాళ్లమ్మ ముందే మేడ ఎక్కి, అల్లుణ్ణి జుట్టు పట్టి పైకి గుంజిందట.) వర్షం పడితే మామ చెప్తాడు, పడకపోతే పడలేదే అని చెప్తాడు. నలభై ఎనిమిదేళ్ల మనిషైతే తుగ్యానీ నాటికి పన్నెండు పదమూడేళ్ల పిల్లవాడు కావాలి. కాబట్టి నూనె రాస్తూ నేను పాఠం కూడా చెప్పించాను: తుగ్యానీ సంగతి వస్తే, "నాకు అంతగ యాదికి లేదు సాబ్, మా అమ్మ చెయ్యి పట్టుకుని ఉన్న" అనాలి. మామ వల్లెవేశాడు. అత్తమ్మకు నమ్మకం కుదరలేదు. ఆమె మామకు ఏది చెప్పాలన్నా ఆయన్ను పక్కనే పెట్టుకుని నాతో చెప్పేది.

"ముఖం మంచిగనే ఒత్తినవ్ గని, మీ మామ నోరు ఎవరు ఒత్తుతరు పిలగా?"

డాక్టరు దగ్గరికి నేనే తోడు వెళ్లాను. ఆయన మామను కిటికీ వెలుగులోకి తిప్పి, కంటి కింద చర్మం వేలితో కదిపి చూసి, నలభై ఏడా, ఎనిమిదా అని తనలో తాను అనుకుని కలం తీశాడు. నా గుండె కొట్టుకోవడం ఆపి వింటోంది. సిరా ఆరిపోయిందో ఏమో, కలం విదిలిస్తూ ఆయన బయటి వర్షం చూశాడు. మూసీలో నీళ్లు పెరిగినట్టున్నాయి, తుగ్యానీ నాటికి నేను ఉయ్యాలలో ఉన్నాను, దాన్ని నిజంగా కళ్లారా చూసినవాళ్లు ఇప్పుడు ఎవరు మిగిలారు లెండి అని ఉర్దూలో నిట్టూర్చాడు.

మామ నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఆడించాను. ఆయన పెదవులు బిగించాడు. అమ్మ చెయ్యి పట్టుకుని ఉన్న అని మొదలుపెట్టాడు కూడా. కానీ ఆ గదిలో కొత్త చెవులు రెండున్నాయి. ఇరవై ఏళ్లుగా మా గల్లీలో కొత్త చెవి దొరకలేదు ఆయనకు.

"మిగలకేం సాబ్," అన్నాడు మామ. "నేనున్న గద."

ఇక నది పొంగింది. మామ కుర్చీలోంచి లేచి ఈదాడు. నెలరోజులు నేను మీగడలా తీసిన ముడతలన్నీ కథ వినడానికి ఒక్కొక్కటే లేచి వచ్చి నుదుటి మీద కూర్చున్నాయి. నడి ప్రవాహంలో అత్తగారు కళ్లెం అందుకునే ఘట్టం రాగానే మామ రెండు చేతులూ పై పెదవి దగ్గరికి వెళ్లి, అక్కడ లేని మీసాన్ని పట్టుకుని, కొసల దాకా మెలితిప్పాయి. డాక్టరు కలం పక్కన పెట్టాడు. ఎంతుండేది మీసం అని ఎంతో మర్యాదగా అడిగాడు. మామ జానెడు చూపించి, చాలదనిపించి ఇంకాస్త పెంచాడు.

కథ ఆసాంతం విని ఆయన కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత అన్నది ఇది: "మియా, మీ ముఖం నలభై ఎనిమిది అంటోంది. మీ మీసం యాభై అయిదు అంటోంది. సర్కారు నౌకర్ని, నేను మీసం మాట కాదనలేను."

తిరుగుదారిలో నయాపూల్ మీద మామ ఆగాడు. కింద ఎర్రనీళ్లు పోతున్నాయి. చేతికొచ్చిన ఏడేళ్లు పోగొట్టుకున్నాక ఏడుస్తాడేమో అని నేను గొడుగు దగ్గరగా పట్టాను. ఆయన వంగి నీళ్లు చూసి, "డాక్టరు సాబ్ మస్తు విన్నడు గదరా అల్లుడా," అన్నాడు. ముఖంలో ఒక్క ముడత లేదు. ఇంట్లో అత్తమ్మ మమ్మల్ని చూడగానే మీసం మూట పెట్టెలోంచి తీసి మామ ముందు పెట్టి, వంటింట్లోకి వెళ్లిపోయింది. దఫ్తరులో మామ ఖాళీ చేసిన కుర్చీలో, పై అధికారి దయతలచి తక్కువ జీతానికి నన్ను కూర్చోబెట్టాడు. చిన్నవాడి మెట్రిక్ ఆ జీతంతోనే గట్టెక్కింది. ఊళ్లోవాళ్ల రాత చదివి చదివి ఆ చాళ్లు రెండూ నా కనుబొమల మధ్యకు వచ్చి స్థిరపడ్డాయి.

మొన్న క్షవరానికి వెళ్లాను. కొత్త కుర్రవాడు జుట్టుకు రంగు వేస్తూ వయసు ఎంత సార్ అన్నాడు. యాభై అన్నాను, నమ్మాడు. తర్వాత ముఖానికి క్రీము రాసి నుదుటి మీద బొటనవేలు గట్టిగా ఆనించాడు. "కుస్తీ కాదు బేటా, జర హల్కగ," అన్నాను. ఎవరు చెప్పారు సార్ అన్నాడు. వర్షం పడుతోంది, కొట్లో ఇంకెవరూ లేరు, కుర్రవాడి చెవులు కొత్తవి. నీళ్ల నానీ దగ్గర మొదలుపెట్టి మీసం మూట దాకా చెప్పాను. అంతా విని వాడు వేళ్లు మడిచి ఏదో లెక్క వేసుకున్నాడు, అద్దంలో నన్ను చూశాడు, మర్యాదగా ఇంకో గిన్నె రంగు కలిపాడు.