మావయ్య కుడిచెయ్యి

పిలుపు కార్డుల మీద పేర్లు రాయించాలంటే అందరూ రాతల మావయ్య గుమ్మమే ఎక్కేవారు. వీధికి రెండు కంప్యూటర్లు వచ్చినా ఆ రద్దీ తగ్గలేదు. "అచ్చు ఎవడైనా కొడతాడండీ, మీ చేతిరాత కళే వేరు" అంటే చాలు, మావయ్య ఉబ్బిపోయేవాడు.

ఆ సంగతి ప్రెస్సు నడిపే మేనల్లుడికి బాగా తెలుసు.

"మావయ్యా, అక్షరాలన్నీ ఒత్తులతో సహా ఒకసారి రాసివ్వవా? పటం కట్టించి ప్రెస్సులో పెట్టుకుంటాను" అన్నాడు.

వాడిచేత పలక మీద మొదటి అక్షరం దిద్దించింది ఈ చెయ్యే. మావయ్య కళ్లు చెమర్చాయి. కొత్త పాళీ కొని, కిటికీ పక్కన కూర్చుని, వంక పెట్టడానికి వీల్లేకుండా రాసిచ్చాడు.

ఆ తర్వాత ఆ గుమ్మం ఎక్కేవాళ్లే కరువయ్యారు. ఒకరోజు ఎదురింటావిడ కార్డు పట్టుకొచ్చింది.

"ఇప్పుడు ప్రెస్సులోనే కూర్చుని రాస్తున్నారట కదా! ఎంత ముద్దుగా రాశారండీ!"

రాత ఆయనదే, రాసింది మాత్రం ఆయన కాదు. మేనల్లుడు ఆ అక్షరాలను కంప్యూటర్లోకి ఎక్కించి, అదే రాతలో కార్డులు అచ్చు కొట్టేస్తున్నాడని అప్పటికి గాని బుర్రకెక్కలేదు.

"దొంగవెధవ! ఇందుకని చెప్పి తీసుకుంటే కాదనేవాణ్ణా!"

మర్నాడు మేనల్లుడి రెండో ప్రెస్సు ప్రారంభోత్సవానికి పిలుపు వచ్చింది. "పూజ్యులైన మావయ్యకు, మీరు తప్పక రావాలి." అదీ మావయ్య దస్తూరీలోనే.

జవాబు రాయబోయి ఆగిపోయాడు. ఈ చేత్తో ఏం రాసినా ఇక మెషీన్ రాసినట్టే ఉంటుంది. పాళీని ఎడమచేతిలోకి మార్చుకుని, కొత్తగా పలక పట్టిన పిల్లాడిలా వంకరటింకరగా రాశాడు.

"రాను."