పగబట్టి కొన్న ఆంప్లిఫైయర్

బమ్రోలిలో ఒక పెళ్ళి రిసెప్షన్. పాట సగంలో ఉండగా నా చున్నీ తగిలి గిటార్‌లోంచి వైరు ఊడిపోయింది. పరువు పోయిందనుకుని గబుక్కున వంగాను. వైరు కొస చేతికి దొరికింది గానీ, అప్పటికే ఒక సంగతి గమనించాను. హాలులో గిటార్ ఆగలేదు. తీగ తీగా విడివిడిగా, తడబాటన్నది లేకుండా మోగుతూనే ఉంది. నా మెడలో ఒక గిటార్, చేతిలో దాని వైరు, స్పీకర్లలో ఇంకొక గిటార్.

లేచి పక్కకు చూశాను. మా కీబోర్డు అన్న కుడిచెయ్యి మీటల మీద తీరిగ్గా తిరుగుతోంది. ఆ పెట్టెలో వేణువు, సన్నాయి, వీణ అన్నీ ఉంటాయి. గిటార్ శబ్దం కూడా ఉంటుందని తెలుసు. అది నా బదులు మోగుతోందని మాత్రం అప్పుడే తెలిసింది. వైరు మళ్ళీ గుచ్చాను. ఏ తేడా లేదు. పాట అయ్యేదాకా నవ్వుతూ వాయించాను. నవ్వడం నాకు బాగా వచ్చు, దుకాణంలో పెరిగినదాన్ని.

భోజనాల దగ్గర పెళ్ళికూతురి మేనత్త నా గడ్డం పట్టుకుంది.

“గిటార్ మస్తు కొట్టినవ్ బిడ్డా. గా నడుమల అయితే ఇంక మంచిగుండె.”

నడుమ అంటే వైరు ఊడిన భాగం. “థాంక్స్ అత్తా” అని పులావ్‌లోని బంగాళాదుంప ముక్కను చెంచాతో చిదిమేశాను.

మాది పర్వత్ పాటియాలో కట్‌పీసుల దుకాణం. మిల్లుల్లో తానులు కోయగా మిగిలిన ముక్కల్ని మూటలుగా తెచ్చి కిలోల లెక్కన అమ్ముతాం. యజమాని మా అమ్మ. కొనేవాళ్ళలో ఎక్కువమంది ఈ గుజరాతీ ఊరికి బతకడానికొచ్చి లూముల్లో పనిచేసే మన తెలుగువాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళు. నేను పలక పట్టకముందే, గడప దాటి లోపలికొచ్చే మనిషి ముఖం చూసి ఎంతకు దిగుతుందో చెప్పేదాన్ని. అలాంటిదాన్ని, ఏడాదికి పైగా ఒకే స్టేజీ మీద ఆ కీబోర్డు మనిషి పక్కన నిలబడి మోసపోయాను.

ఎలా మోసపోయావంటే, చెప్పడానికి సిగ్గుగానే ఉంటుంది. గిటార్ పొట్టకు ఆనుకుని ఉంటుంది కాబట్టి దాని మోత నాకు ఒంట్లోంచే వినిపిస్తుంది. హాలు స్పీకర్లలోంచి వచ్చే గిటార్ కూడా నాదేననుకున్నాను. నేను బాగా వాయించానని ఇంటికొచ్చి మురిసిపోయిన రోజులన్నీ అతను బాగా వాయించిన రోజులు.

మా బ్యాండులో నలుగురం. పాడే అతను బ్యాంకు ఉద్యోగి, డ్రమ్ ప్యాడ్స్ కొట్టే అతను మా పక్క వీధి. కీబోర్డు అన్న రైల్వేలో పనిచేస్తాడు, విజయవాడ వైపు మనిషి. ప్రోగ్రాములు తెచ్చేదీ, ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పేదీ ఆయనే. నన్ను “చెల్లెమ్మా” అని పిలుస్తాడు. ఆ పిలుపుకి కూడా నేను మురిసిపోయేదాన్ని.

వెళ్ళి నిలదీయలేదు. ధర నాకు తెలిసిపోయిందని ఎదుటివాడికి చెప్పేసే అలవాటు మా ఇంట్లో లేదు. ముందు సౌండతన్ని పట్టుకున్నాను. స్పీకర్లు, మిక్సర్ అద్దెకు తెచ్చి మా ప్రోగ్రాములన్నిటికీ పెట్టేది అతనే. నాకంటే పదేళ్ళు పెద్ద, అయినా దీదీ అంటాడు. మర్నాడు పొద్దున శనగపిండి లోచో అమ్మే టిఫిన్ బండి దగ్గర దొరికాడు. వాళ్ళావిడకని ఒక పచ్చ డ్రెస్ ముక్క చేతిలో పెట్టి అడిగాను.

“మిక్సర్ల నా గిటార్ ఛానెల్ ఎందుకు బందు పెట్టినవ్?”

అతను లోచో మీద సేవ్ చల్లుకుంటూ ఆగిపోయాడు. “దీదీ, నాకు రోజీ, కూలి పైసలు గావాలె గదా. అన్న చెప్పిండు, నేను పెట్టిన.”

“ఎప్పటి సంది?”

“సురూ నుంచే. పస్టు ప్రోగ్రాంల నీ గిటార్ స్పీకర్ల కీయ్ మని కూత పెట్టింది, యాదికున్నదా? గప్పుడు అన్న అన్నడు, గిటార్ పని నేను చూస్కుంట, పిల్ల పోస్టర్ మీదికి మంచిగుంటది, ఉండనియ్ అని.”

“పోస్టర్ మీదికా.”

“గట్లనే అన్నడు దీదీ.” లోచో ప్లేటు కింద పెట్టి, “ముక్క వాపస్ తీస్కుంటవా?” అన్నాడు.

“ఉంచుకో. నువ్వు చెప్పినదానికి గదే రేటు.”

మూడు నెలల్లో మా తెలుగు సంఘం వార్షికోత్సవం. నాకు తెలిసిన ప్రతి తెలుగు ముఖం ఆ హాలులో ఉంటుంది, మా అమ్మతో సహా. ఆ రోజు నా గిటార్ నా చేతిలోంచే వినపడాలి. దానితో పాటు, ఇన్నాళ్ళూ వినపడింది ఎవరిదో కూడా అందరికీ తెలియాలి. ఈ రెండింటిలో నాకు ఏది ఎక్కువ ముఖ్యమో ఇప్పటికీ ఒట్టేసి చెప్పలేను.

చౌక్ బజార్ దగ్గర ఒక పాత భవనంలో, మేడ మీద వాయిద్యాల దుకాణం ఉంది. నడిపేది ఒక గుజరాతీ కాకా. ఆయన చెల్లెల్ని పిలిచినట్టు ‘బేన్’ అంటూ గుజరాతీలో, నేను హిందీలో బేరం మొదలుపెట్టాం. కావలసిన వస్తువు మీద మొదటే చెయ్యి వెయ్యకూడదని అమ్మ నేర్పింది. అందుకని మాండలిన్ ధర అడిగాను. తబలా మూత అడిగాను. హార్మోనియం పెట్టె తెరిపించి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూశాను. కాకా అన్నీ ఓపిగ్గా చూపించి, చివరికి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“బేన్, నీ చేతి గోళ్ళు గిటార్ వాయించేవాళ్ళ గోళ్ళు. ఇక అసలు సంగతి చెప్పు.”

చెప్పాను, పగ సంగతి తప్ప. ఆయన అరచేతిలో పట్టేంత చిన్న పెట్టె ఒకటి తీశాడు. గిటార్‌కూ మిక్సర్‌కూ మధ్య పెడితే శబ్దం శుభ్రంగా వెళుతుందట. ధర కూడా తక్కువే. నీలాంటివాళ్ళకు ఇది చాలు అన్నాడు. మంచి సలహానే ఇచ్చాడు. కానీ అది వెళ్ళేది ఆ మిక్సర్‌లోకే. అక్కడ నా గొంతు మీద వేలు పెట్టేది ఇంకొకరు. పోనీ గిటార్ ముందు మైకు పెట్టుకోమన్నాడు. మైకూ ఆ మిక్సర్‌లోకే పోతుంది. స్పీకరూ తిప్పే బుడిపా ఒకే డబ్బాలో ఉండి, అది నా మోకాలి పక్కన ఉండాలి. అంటే సొంత ఆంప్లిఫైయర్. పాతదైనా పరవాలేదన్నాను.

ఆయన దగ్గర మూడు పాత డబ్బాలున్నాయి. నేను ఏం చేశానంటే, మూడింటినీ ఒక్కొక్కటిగా ఎత్తి చూశాను. కిలోల లెక్కన గుడ్డ అమ్మే ఇంట్లో పుట్టిన చెయ్యి, దానికి తెలిసింది బరువే. అన్నిట్లో బరువైనదాన్ని పట్టుకుని బేరం చేశాను. అడిగినదానికి సగం చెప్పి, మెట్ల దాకా వెళ్ళి, వెనక్కొచ్చి, మళ్ళీ మెట్ల దాకా వెళ్ళాను. కాకా ఒప్పేసుకున్నాడు. పైగా టీ తెప్పించాడు. బేరంలో ఓడిన మనిషి టీ తెప్పిస్తే అక్కడే ఆగి ఆలోచించాలి. నేను టీ తాగి, బిస్కెట్ కూడా అడిగి తిన్నాను.

అది లావు స్వరాల బేస్ గిటార్ కోసం చేసిన డబ్బా, అప్పుడు నాకు తెలియదు. ఇంటికి తెచ్చి, దుకాణం మూసే ముందు మూటల మధ్య పెట్టి వాయించాను. ఎంత పెంచినా కూత లేదు. లావుగా, హుందాగా, పెద్దమనిషి మాట్లాడినట్టు వచ్చింది. అమ్మ చీటీలు రాసుకుంటూ “బాగనే ఉన్నది” అంది. వారం రోజులు రోజూ అక్కడే వాయించి, కీబోర్డు అన్న ముఖం ఎలా మారుతుందో ఊహించుకుని ఆనందపడ్డాను.

తర్వాతి రిహార్సల్ సంఘం హాలులో. కింద టైల్స్, చుట్టూ సున్నం గోడలు, పైన రేకు. డబ్బా పెట్టి మొదటి తీగ మీటానో లేదో అది బుసకొట్టి, మూలిగి, చెవులు చిల్లులు పడేలా కూత పెట్టింది. తగ్గిస్తే వినపడదు, పెంచితే కూత. పాడే అతను చెవులు మూసుకున్నాడు. కీబోర్డు అన్న లేచొచ్చి, స్విచ్చి ఆపి, నా భుజం తట్టాడు.

“ఇలాంటివి కొనేటప్పుడు పెద్దవాళ్ళని అడగాలి చెల్లెమ్మా. దీన్ని ఇంట్లో పెట్టుకుని పూలకుండీ పెట్టు. గిటార్ సంగతి స్టేజీ మీద సౌండతను చూసుకుంటాడులే.”

ఆ చెయ్యి నా భుజం మీద ఎంతసేపుందో నాకింకా గుర్తు.

మర్నాడు డబ్బాను ఆటోలో వేసుకుని మళ్ళీ చౌక్ బజార్ వెళ్ళాను. కాకా ఆశ్చర్యపోలేదు.

“ఎక్కడ వాయించి చూసుకున్నావు బేన్?”

“మా దుకాణంలో.”

“ఏం దుకాణం?”

“గుడ్డలు.”

ఆయన నవ్వలేదు, అది నాకు ఇంకా కష్టంగా అనిపించింది. నిలువెత్తు మూటల మధ్య పులిని అరిపించినా పిల్లిలా వినిపిస్తుందట. గుడ్డ శబ్దాన్ని తాగేస్తుందట. పుట్టినప్పటి నుంచి ఆ మూటల మధ్యే ఉన్నాను, ఈ సంగతి వేరే వీధికి వెళ్ళి తెలుసుకోవలసి వచ్చింది.

ఆయన మూడింటిలో అన్నిటికంటే తేలికైనదాన్ని తీసి, నన్ను మెట్ల మలుపు దగ్గరికి తీసుకెళ్ళాడు. రాతి మెట్లు, బోసి గోడలు, గుసగుస కూడా మూడంతస్తులు తిరిగే చోటు. “ఇక్కడ కూత పెట్టకపోతే ఎక్కడా పెట్టదు” అన్నాడు. అది మామూలు గిటార్ల కోసమే చేసిన డబ్బా. కూత మొదలయ్యే స్వరాన్ని వెతికి పట్టుకుని దాన్నొక్కదాన్నే అణిచే బుడిప ఉంది దానికి. డబ్బాను వెనకాల కాకుండా పక్కకు పెట్టించాడు. గిటార్ నడుమ ఉన్న గుండ్రటి రంధ్రానికి రబ్బరు మూత బిగించాడు. వాయించాను. కింద అంతస్తులో తాళాలు బాగుచేసే అతను తల బయటపెట్టి పైకి చూశాడు. ఏడాదిలో నా గిటార్ విని తల తిప్పిన మొదటి మనిషి అతను.

మార్పిడి బేరంలో కాకా నన్ను వలిచేశాడు. మొదటిసారి మిగుల్చుకున్నదంతా తిరిగి ఆయన గల్లాలోకే పోయింది, ఇంకాస్త తోడు తీసుకుని మరీ. రబ్బరు మూత ఊరికే ఇమ్మన్నాను.

“ఊరికే ఇస్తే ఎందుకిచ్చాడా అని నీకు నిద్ర పట్టదు. పది రూపాయలివ్వు.”

ఐదిచ్చాను.

రోజూ మా భవనం మెట్ల మీద వాయించాను. అప్పుడు తెలిసింది, నేను పాటకు రవ్వంత వెనకబడి నడుస్తానని. స్పీకర్లలో అతని గిటార్ విని దాని వెంట చెయ్యి వేసే అలవాటు. పగ లేకపోతే అక్కడే మానేసేదాన్ని. పగ ఉంది కాబట్టి పైఅంతస్తు వాళ్ళ తిట్లు తింటూ సాధన చేశాను.

వార్షికోత్సవం రోజు డబ్బా మీద మా దుకాణంలోని మెరూన్ జార్జెట్ కప్పి, పైన నీళ్ళ సీసాలు పెట్టాను. జార్జెట్ పలచన, శబ్దం ఆగదు. కీబోర్డు అన్న దాన్ని టీపాయ్ అనుకుని, ఒక సీసా తీసుకుని తాగి మళ్ళీ అక్కడే పెట్టాడు. సౌండతను చూసి, తల తిప్పుకుని తన వైర్లు సర్దుకున్నాడు. వాళ్ళావిడ ముందు వరుసలోనే కూర్చుని ఉంది, పచ్చ డ్రెస్సులో.

మూడో పాట గిటార్‌తో మొదలవుతుంది. మిగతా వాయిద్యాలేవీ ఉండవు. అన్న కుడిచెయ్యి కదిలింది. నేనూ వాయించాను, బుడిప తిప్పి పెంచాను. హాలులో రెండు గిటార్లు వినపడ్డాయి. పాడే అతను వెనక్కి తిరిగి చూశాడు. రెండు వరుసలు వాయించి, నేను రెండు చేతులూ తీగల మీంచి తీసి పైకెత్తాను.

గిటార్ మోగుతూనే ఉంది.

అలాగే నిలబడ్డాను, పోలీసుకు దొరికినట్టు చేతులెత్తి. ముందు పిల్లలు నవ్వారు. తర్వాత వాళ్ళ తల్లులు నా చేతులను చూసి, స్పీకర్లను చూసి, కీబోర్డు వైపు తిరిగారు. అన్న తలెత్తాడు, మీటల మీంచి చెయ్యి లాక్కున్నాడు. హాలు నిశ్శబ్దమైపోయింది. ఆయన ముఖం చూశాను. మూడు నెలలు ఊహించుకున్నదానికంటే బాగుంది.

కానీ ఆ నిశ్శబ్దాన్ని ఇప్పుడు నేనే నింపాలి. ఆ సంగతి ఆలోచించుకోలేదు. చేతులు దించి మొదటి నుంచి ఎత్తుకున్నాను. వేళ్ళు చెమట పట్టి ఒక తీగ బుస్సుమంది. రెండో వరుసలో గిటార్ మెడ మీద తప్పు మెట్టు నొక్కి, సర్దుకుని, నెమ్మదిగా చివరిదాకా వచ్చాను. తప్పుతో సహా అందరికీ వినపడింది. పాడే అతను పాట అందుకున్నాడు.

ఇంటికొస్తూ ఆటోలో అమ్మ నా గిటార్‌ను తన ఒళ్ళో సర్దుకుంది. తర్వాత అంది, “ఆయన ముఖం గట్ల మాడగొట్టినవ్, మంచిగ చేసినవ్. గని పాట మాత్రం ముందు మోగిన గిటారే సాఫుగుండె బిడ్డా.”

అమ్మ సరుకు గురించి అబద్ధం చెప్పదు.

అన్న రెండు వారాలు ఫోన్ చెయ్యలేదు. తర్వాత ఒక పెళ్ళివాళ్ళు “చేతులెత్తిన పిల్ల బ్యాండే కావాలె” అన్నారట. రిహార్సల్‌కు రమ్మని కబురొచ్చింది. నల్ల టేపు చుట్ట ఒకటి తీసుకుని వెళ్ళాను. ఆయన కీబోర్డు మీద గిటార్ అని రాసి ఉన్న మీటను చూపించి, దీన్ని మూసేస్తేనే వాయిస్తానన్నాను.

“అంత కక్షా చెల్లెమ్మా? రెండు పాటలకు వాడుకోనివ్వు.”

“లేదన్నా.”

“పోనీ ఒక్క పాటకి. నీ గిటార్ లేని పాటకే.”

మొదట చెప్పిన ధరకు నేను జన్మలో ఏదీ అమ్మలేదు, ఏదీ కొనలేదు. ఎదుటి మనిషి ఒక మెట్టు దిగితే నా కాలు దానంతటదే ఒక మెట్టు దిగుతుంది. ఆ రోజు మాత్రం దిగలేదు.

“ఫిక్స్‌డ్ రేట్” అన్నాను.

ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “నిజం చెప్పనా? ఆ పాటకి నా గిటారే బాగుండేది.”

“తెలుసు. మా అమ్మ కూడా అదే అన్నది.”

టేపు పంటితో కొరికి, మీట మీద అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి వేసి, లేవకుండా అంచుల్ని గోటితో నొక్కాను.