మందు దట్టించిన ఆదివారాలు

మొన్న సాయంత్రం అరసవల్లిలో మా వీధిలోంచి వెళుతున్న పెళ్ళి ఊరేగింపువాళ్ళు సరిగ్గా మా గేటు ముందే ఒక టపాకాయల దండ అంటించారు. చప్పుడుకి కాదు గానీ, ఆ వెనక కిటికీలోంచి వచ్చిన కాలిన మందు వాసనకి ఉలిక్కిపడి చేతిలో కాఫీ లుంగీ మీద ఒంపుకున్నాను. ఈ వయసులో ఇదేమిటని మా ఆవిడ అడిగింది. కారణం చెప్పాలంటే ముందు నా తెలివితక్కువతనం ఒప్పుకోవాలి. తెలుగులో ‘మందు’ అనే మాట ఒక్కటే. జ్వరానికి వేసేదీ అదే, చేనుకి కొట్టేదీ అదే, గొంతులో పోసుకునేదీ అదే, తుపాకీలో పోసేదీ అదే. ఈ తేడాలు తెలియని వయసులో పెద్దవాళ్ళ మధ్య నోరు విప్పి, మా మేనమామని ఇంచుమించు ఆజన్మ బ్రహ్మచారిని చేసేసిన ఘనత నాది.

అమ్మమ్మగారి ఊరు నెల్లిమర్లకి అవతల, కొండవార. దసరా సెలవులకి వెళితే ఊరికంటే ముందు ఊరి వాసన ఎదురొచ్చేది: గోగు కట్టలు చెరువుల్లో నాని, కుళ్ళి, ముక్కు మూసుకోనిదే గట్టు దాటలేని వాసన. ఆ కట్టల్లోంచి నార ఒలిచి, ఉతికి, గట్ల పొడుగునా ఆరేస్తే ఊళ్ళోని ముసలమ్మలందరూ ఒకేసారి తలంట్లు పోసుకుని జుట్టు విరబోసుకున్నట్టుండేది. వేసవిలో అయితే ముంజలు, పనసతొనలు, ఎండలో తిరిగి ఇంటికొస్తే చల్లటి సోడి అంబలి, అదే రాగి అంబలి, అందులోకి నంజుకోడానికి పచ్చి ఉల్లిపాయ. ఆరిన నారంతా బళ్ళ మీద మిల్లుకి పోయినా, ఒక్క గుప్పెడు మాత్రం సూర్యం మావ దాచుకునేవాడు. అది ఆయన తుపాకీ తినే తిండి.

సూర్యం మావ మా అమ్మకి తమ్ముడు. తాతగారి నుంచి ఆయనకి కొండవార పొలమూ, ఆ పొలం మీదికొచ్చే అడవిపందుల్ని బెదిరించడానికి లైసెన్సుతో సహా ఒక నాటు తుపాకీ వచ్చాయి. పొలం కంటే తుపాకీ మీదే ఆయనకి ప్రేమ. ఆదివారం పొద్దున్నే అరుగు మీద గోనె పరిచి, వేడినీళ్ళతో గొట్టం కడిగి, ఆముదం రాసిన గుడ్డతో తుడుస్తుంటే చంటిపిల్లకి స్నానం చేయిస్తున్నాడేమో అనిపించేది. అప్పుడు మొదలయ్యేది అసలు పని. గొట్టం మూతిలోంచి కొలిచి మందు పోయాలి. పైన గోగునార ఉండ పెట్టాలి. గజంతో, అంటే గొట్టం కింద ఇరికించి ఉండే సన్నటి ఇనుపకడ్డీతో, ఆ ఉండని అడుగుదాకా దట్టించాలి. రవ్వలు, అంటే సీసం గుళ్ళు, వెయ్యాలి, మళ్ళీ నార, మళ్ళీ గజం. గజం తీసి దాని చోట దాన్ని పెట్టాలి. అప్పుడు మందుకి నిప్పందించే చిన్న రాగి టోపీ గుర్రం కింద తొడిగి, గుర్రం అంటే ఆ కొట్టే ముక్క, వెనక్కి లాగాలి. ఇదంతా అయ్యేసరికి పంది చేను మేసి, తేన్చి, బంధువుల్ని కూడా పిలుచుకొచ్చేది. ఆ తుపాకీకి బలైన అడవిపంది నాకు తెలిసి ఒక్కటీ లేదు. ఆ సంగతి పందులకీ తెలుసు. గట్టు మీద పెట్టిన ఓటికుండలు మాత్రం చాలా పోయాయి.

పక్కూరి భూస్వామి బుగతగారు తూటాల తుపాకీ కొన్నారని తెలిసి, మనమూ అలాంటిది కొనుక్కోవచ్చు కదా మావా అన్నాను ఒకసారి. ఆయన నన్ను జాలిగా చూశాడు.

“దాన్లో పనేటున్నాదిరా? బొత్తాం నొక్కితే లైటెలిగినట్టు. ఇదైతే మనమే వండాల, మనమే వడ్డించాల, తగిలిందో లేదో పొగ పోయీదాకా కాసుకోవాల. ఆ కాసుకోడంలోనే ఉన్నాదిరా మజా!”

నిజమే. తుపాకీ పేలగానే తెల్లటి పొగ అరుగునీ మావనీ మింగేసేది. ఆ పొగలోంచి, కుండ పగిలిందో లేదో తెలియకుండానే, ఆయన నవ్వు ముందు బయటికొచ్చేది. నేనైతే చెవులు మూసుకుని గడ్డివాము వెనక నుంచే ఆ మజా అనుభవించేవాణ్ణి.

ఒక వేసవిలో ఆయనకి శ్రీకాకుళం దగ్గరి పల్లె నుంచి ఒక సంబంధం వచ్చింది. అంతకు ముందు వచ్చినవన్నీ ఏదో వంకతో తప్పిపోయి, మావకి చెంపల దగ్గర జుట్టు నెరవడం మొదలైంది. అమ్మమ్మ మొక్కని దేవుడు లేడు. పిల్ల తండ్రి మంచి రైతు. తమ్ముణ్ణి తాగుడుకి పోగొట్టుకున్నవాడు. అందుకని మధ్యవర్తిని ఆయన అడిగింది ఒకటే మాటట: “పిల్లోడికి తాగుడు లేదు గదా?” లేదని మధ్యవర్తి సూర్యదేవుడి మీద ఒట్టేశాడు. చూపులకి వాళ్ళే మా ఇంటికి వచ్చారు, ఇల్లూ వాకిలీ చూసుకున్నట్టుంటుందని పిల్లని కూడా వెంటబెట్టుకుని. ఆడవాళ్ళు గదిలో, మగవాళ్ళు వసారాలో. బెల్లం గవ్వల పళ్ళెం చుట్టూ ఈగలతో పాటు నేను. మావ కొత్త చొక్కాలో, నవ్వాలో వద్దో తెలియక, పళ్ళు సగం కనిపించేలా కూర్చున్నాడు.

పిల్ల తండ్రి ముద్దుగా నన్ను దగ్గరికి లాక్కుని, “ఏటిరా గుంటడా, ఆదోరం పూట మీ మావేటి సేస్తాడు?” అన్నాడు.

నోట్లో గవ్వ ఉన్నా నేను ఆగలేదు. “పొద్దున్నే మందు దట్టిస్తాడు.”

గవ్వ కొరుకుతున్న వాళ్ళందరి దవడలూ ఆగిపోయాయి.

“ఆదోరం ఆదోరమూనా?”

“ఆఁ. మందు పడితేగానీ పేలడం ఉండదు. నాక్కూడా అరిసేతిలో కొంచెం పోస్తాడు, వాసన సూడమని.”

   పిల్ల తండ్రి కండువా దులిపి లేచాడు. “పసిగుంటడి సేతిలో కూడా పోస్తాడటయ్యా! లెగండి, ఎలిపోదాం.”

అమ్మమ్మ గదిలోంచి పరిగెత్తుకొచ్చింది. “ఓలమ్మో! మందంటే ఆ మందు కాదు బావూ!”

“మరే మందు తల్లీ?”

మావ లోపలికెళ్ళి ఆ మందు తాలూకు తుపాకీనే పట్టుకొచ్చాడు. దాన్ని చూసి వచ్చినవాళ్ళలో ఇద్దరు మెట్లు దిగకుండానే వాకిట్లో తేలారు. పిల్ల తండ్రి మాత్రం కదల్లేదు. తుపాకీని, మావని ఎగాదిగా చూసి, “అయితే ఇప్పుడే దట్టించి పేల్చు. నోటి మందో గొట్టం మందో తేలిపోద్ది,” అన్నాడు.

అందరం పెరట్లోకి చేరాం. ఊళ్ళో సగం మంది పెరటి గోడెక్కారు. గదిలోని ఆడవాళ్ళు తలుపు దగ్గరికొచ్చారు. వాళ్ళ మధ్య పిల్ల కూడా. కాబోయే మామగారు పక్కనే చేతులు కట్టుకు నిలబడ్డాడు.  మావ మందు పోశాడు, సగం నేల పాలైంది. నార పెట్టాడు, దట్టించాడు. రవ్వలు, మళ్ళీ నార, మళ్ళీ దట్టింపు. టోపీ తొడిగి, పెరటి చివర తాటిచెట్టు కేసి ఎత్తాడు.

అంత చప్పుడు ఆ తుపాకీ అంతకు ముందెన్నడూ చెయ్యలేదు. మావ వెనక్కి తూలి కుడితితొట్టిలో కూలబడ్డాడు. దూడ పలుపు తెంపుకుంది. గోడ మీది జనం గోడ అవతలికి రాలారు. నా చెవుల్లో ఒకటే హోరు. పొగ నెమ్మదిగా విడిపోతుంటే, తాటిమాను నడుముకి ఏదో గుచ్చుకుని వీణతీగలా వణుకుతూ కనిపించింది.

గజం. గొట్టంలోంచి తీయడం మరిచిపోయి పేల్చేశాడు.

 పిల్ల తండ్రి చెట్టు దాకా నడిచి, ఆ కడ్డీని రెండు చేతులా పట్టుకుని లాగాడు. రాలేదు. ఆయన ఇటు తిరిగేసరికి ముఖం చుట్ట కాల్చిన బూడిదలా ఉంది. అయిపోయింది, మావకి పెళ్ళి లేదు, కారణం నేను అని ఏడుపు లంకించుకోబోతుంటే తలుపు దగ్గర్నుంచి ఆడపిల్ల గొంతు వినిపించింది.

“నాన్నా, తాగినోడికి ఇంత బయ్యముంటాదా? నువ్వు పక్కనుంటే నాకే సేతులాడవు.”

అలా వచ్చింది మా అత్త. గజాన్ని తీయడానికి మర్నాడు గొడ్డలి కావలసి వచ్చింది.

మావ సుఖంగానే ఉన్నాడు, దెబ్బతిన్నది నేను. ఆ రోజు నుంచి నా పేరు ‘మూతి తుపాకీ’. మూతిలో ఏది కూరితే మూతిలోంచి అదే పేలుతుందని ఆయన వ్యాఖ్యానం. నా పెళ్ళిచూపుల్లో కూడా ఆడపెళ్ళివారికి అదే పేరుతో పరిచయం చేశాడు, పైగా కథంతా చెప్పి. ఏడాదికేడాది కథలో మావ ఎత్తు పెరిగింది, నా ఎత్తు తగ్గింది. చివరికి గజం మరిచిపోలేదనీ, కావాలనే ఉంచాడనీ, నేను అడ్డం పేలకుండా ఉంటే చెట్టుని అటునుంచి ఇటు దూసేవాడనీ తేలింది.

ఇప్పుడు ఆ తుపాకీ లేదు. ఒక ఎన్నికలప్పుడు స్టేషన్లో అప్పగించి, తర్వాత లైసెన్సు కోసం తిరగలేక వదిలేశాడు. రోడ్డు వెడల్పులో తాటిచెట్టు పోయింది. గోగు వేసిన చేలల్లో సరుగుడు తోటలూ, ప్లాట్ల హద్దురాళ్ళూ. చెరువు గట్టు మీద ముక్కు మూసుకోవలసిన అవసరం ఎవరికీ లేదు. మావ మాత్రం మనవడి ఫోన్లో, ఎక్కడో దూరదేశంలో నెరిసిన గడ్డాల పెద్దమనుషులు ఆదివారాలు మైదానంలో చేరి అచ్చం ఇలాంటి తుపాకుల్లో మందు పోసుకుంటూ, దట్టించుకుంటూ, పొగలో నవ్వుకుంటూ ఉంటే గంటల తరబడి చూస్తాడు. “ఒరే, గజం తీసినాడు సూడు,” అంటాడు, తనలో తనే.

పోయిన నెల ఆయన ఇంట్లో మనవలందరూ చేరారు. బెల్లం గవ్వల పళ్ళెం మధ్యలో పెట్టుకుని కూర్చోగానే కథ మొదలైంది.

“గజమంటే ఏనుగు కదా తాతా? ఏనుగుని తుపాకీలో పెట్టి పేల్చావా?” అంది చిన్నమనవరాలు. అందరూ ఒకటే నవ్వు. అసలు తాతకి తుపాకీయే లేదన్నాడు పెద్దమనవడు. మావ అత్త కేసి చూశాడు.

“నాను తలుపెనకాలున్నాను బావూ, నాకేటి కనబడింది?” అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మావ నా వైపు తిరిగాడు. గొంతులో మొట్టమొదటిసారి బతిమాలుకోవడం వినిపించింది. “ఒరే, నువ్వున్నావు గదా. సెప్పరా ఈలకి! ఇక్కడున్నోళ్ళలో సూసినోడివి నువ్వొక్కడివే గదరా!”

పిల్లలందరూ నా మూతి కేసే చూస్తున్నారు. చెప్పడానికి కావలసినదంతా దట్టించి సిద్ధంగానే ఉంది.

నేను పళ్ళెంలోంచి ఒక గవ్వ తీసి నోట్లో వేసుకుని, మెత్తబడేదాకా నములుతూ కూర్చున్నాను.