కలెక్టరు సెలవు, ఊరి దురాయి

మా వైపు చలికాలం అంటే చలి కాదు, వాన. దీపావళి దాటిందంటే సముద్రంలో ఏదో ఒకటి పుడుతూనే ఉంటుంది. మొదట అల్పపీడనం అంటారు, తర్వాత వాయుగుండం అంటారు, దానికో పేరు పెట్టేసరికి తుపాను అవుతుంది. పొలాలున్నవాళ్ళు నారుమళ్ళ గురించీ, పడవలున్నవాళ్ళు లంగరు తాళ్ళ గురించీ దిగులు పడతారు. బడిలో పనిచేసే మేము ఫోను ముందు పెట్టుకుని కూర్చుంటాం. రేపు బడి ఉందో లేదో అందులోనే తేలాలి.

నేను వాకాడు దాటాక సముద్రం ఒడ్డునున్న ఒక హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఉండేది గూడూరులో. బస్సు దిగి షేర్ ఆటో ఎక్కితే బడి. కొన్నేళ్ళ క్రితం జిల్లాలు విడదీసినప్పుడు మా బడి ఉన్న మండలం తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది. కానీ ఊళ్ళో ఎవరినడిగినా మాది నెల్లూరనే చెబుతారు. మామూలు రోజుల్లో దీనివల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. వానరోజుల్లోనే చిక్కు. నెల్లూరు జిల్లాకు అక్కడి కలెక్టరు సెలవిస్తే ఆ మెసేజి మా ఊరి గ్రూపుల్లో తిరుగుతుంది, పిల్లలు మానేస్తారు, తీరా చూస్తే మాకు సెలవు ఉండదు. ఇంకోసారి నిరుటి ఉత్తర్వును పనీపాటా లేనివాడెవడో మళ్ళీ పంపుతాడు. ఇలా రెండు మూడుసార్లు మోసపోయాక ఊళ్ళో పెద్దవాళ్ళు ఫోనులో వచ్చే సెలవును నమ్మడం మానేశారు.

నాకు ఒళ్ళు మండి పదో తరగతి పిల్లలకు ఒక పీరియడంతా దీనిమీదే చెప్పాను. ముందు తేదీ చూడండి, తర్వాత జిల్లా పేరు చూడండి, కింద సంతకం ఉందేమో చూడండి, అన్నీ సరిగ్గా ఉంటేనే సెలవు అన్నాను. త్రికోణమితి కంటే శ్రద్ధగా విన్నారు.

వాన సెలవులతో అసలు తంటా ఆ రోజు కాదు, తర్వాత వస్తుంది. పోయిన రోజుకు బదులు ఆదివారమో రెండో శనివారమో బడి పెట్టాలి. పదో తరగతికి పబ్లిక్ పరీక్షలు, సిలబస్ ఆగదు. మేము టౌను నుంచి ఆదివారం పూట బస్సులు మారి వెళ్ళేవాళ్ళం. బడిలో బల్లలుండేవి, పిల్లలుండేవారు కాదు. వాళ్ళ తప్పు కూడా కాదు. లోపలి ఊళ్ళలో రైతుల ఇళ్ళకు చేపలు కావలసింది ఆదివారమే. ఆ రోజు ఒడ్డున చేపల వేలంపాట పెద్దగా జరుగుతుంది. పాటలో చేపలు కొన్న ఆడవాళ్ళు బుట్టలు ఆటోలకెత్తి లోపలి ఊళ్ళకు వెళతారు. ఇంట్లో ఉన్న పిల్లలంతా చేపలు ఏరాలి, ఐసు కొట్టాలి, బుట్టలు పట్టాలి. అలాంటి రోజున వర్గసమీకరణాలకు ఎవరొస్తారు?

మా హెడ్మాస్టరు గారు ఓపిక ఉన్న మనిషి. అయినా నాలాగే ఖాళీ బల్లల ముందు కూర్చుని విసిగిపోయి, ఒకరోజు ఊరి కాపును కలిశారు. ఈ పల్లెల్లో కాపు అంటే కులం కాదు, ఊరిపెద్ద. సముద్రం మీదికి ఎప్పుడు పోవాలి, ఎప్పుడు పోకూడదు, ఏ వల వేయకూడదు అన్నవి ఆయనా మరికొందరు పెద్దలూ కూర్చుని తేలుస్తారు. తేల్చినదాన్ని మైకులో చాటితే అది దురాయి. దురాయి పడ్డాక మాట్లాడేదేమీ లేదు. మీరినవాళ్ళు పాట జరిగే రేవుకు దూరమవుతారు. హెడ్మాస్టరు గారు బడికి కూడా అలాంటిదొకటి పెట్టమని అడిగారు. కాపు నవ్వి, సరేనన్నాడు. ఆ శుక్రవారం సాయంత్రం మైకులో వినిపించింది. బడి పెట్టిన ఆదివారం పదో తరగతి బిడ్డ ప్రతి ఇంటి నుంచీ పోవాలి, పంపని ఇల్లు వచ్చే పౌర్ణమి దాకా రేవులో చేప ముట్టుకోకూడదు.

ఆ ఆదివారం తరగతి నిండింది. నేనైతే సంతోషించాను. ఇంత సులువైన పని ఇన్నాళ్ళూ ఎందుకు చేయలేదా అనుకున్నాను.

తర్వాతి ఆదివారానికి తుపాను వచ్చింది. తెల్లవారకముందే మా కలెక్టరు ఉత్తర్వు వచ్చింది. అన్ని బడులకూ సెలవు, బదులు తరగతులు కూడా పెట్టకూడదు. నేను దాన్ని తరగతి గ్రూపులో పెట్టి దుప్పటి కప్పుకున్నాను. గూడూరులోనే రోడ్ల మీద నీళ్ళు పారుతున్నాయి, బస్సులు తిరుగుతాయో లేదో తెలియదు. అటువంటప్పుడు ఇంట్లో ఉండమనే కదా సెలవు ఇచ్చేది?

పల్లెలో ఏం జరిగిందో బడి తెరిచిన రోజున తెలిసింది. ఆ ఉదయం కాపూ పెద్దలూ మగవాళ్ళందరితో కలిసి పడవలు పైకి లాగించే పనిలో ఉన్నారు. దురాయి పెట్టినవాళ్ళే కూర్చుని ఎత్తివేయాలి. అది ఎత్తివేయాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. మెసేజి చూసిన ఇళ్ళవాళ్ళు కూడా, ఫోనులో వచ్చే సెలవులు మనకు తెలియనివా, కాపు చెప్పాడా అనుకున్నారు. పుస్తకాలు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి పిల్లల్ని పంపారు. బడికి తాళం ఉంది. పిల్లలు వరండాలో గోడకు ఆనుకుని, జల్లు కొట్టినప్పుడల్లా ఈ చివరి నుంచి ఆ చివరికి జరుగుతూ, మధ్యాహ్నం దాకా ఉన్నారు. తమ ఇల్లు తప్పులో పడకూడదని ఒక్కరూ కదలలేదు.

ఒక్క అమ్మాయి మాత్రం వెళ్ళలేదు. తండ్రి లేడు. తల్లి పాటలో చేపలు కొని లోపలి ఊళ్ళలో అమ్ముతుంది, వాళ్ళకు అదే బతుకు. ఆ అమ్మాయే తల్లి ఫోనులో ఉత్తర్వు చూసింది. నేను చెప్పినట్టే తేదీ చూసింది, జిల్లా చూసింది, సంతకం చూసింది. ఇది నిజం సెలవేనని తల్లికి చెప్పింది. వాన ముసురు పట్టినప్పుడు ఎండుచేపలకు గిరాకీ. తల్లీకూతుళ్ళు చెరో బుట్టా ఎత్తుకుని, ఇంకా తిరుగుతున్న ఒక ఆటో పట్టుకుని లోపలి ఊళ్ళకు వెళ్ళిపోయారు.

వాళ్ళు ఆటో ఎక్కడం చూసినవాళ్ళున్నారు. వరండాలో తడిసిన పిల్లల తల్లులున్నారు. తుపాను తీరం దాటి రెండు రోజులు కాకముందే ఆ ఇంటి మీద దురాయి పడింది.

ఆ తల్లి బడి గేటు దాకా వచ్చి లోపలికి రాకుండా నిలబడింది. నేనే వెళ్ళాను. మనిషి ఏడవడం లేదు, కోపంగా కూడా లేదు. ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పింది.

"పౌర్ణమి దాకా రేవులోకి రావద్దన్నారు మేడం. అన్నాళ్ళు నేను పోకపోతే నా దగ్గర కొనే వాడిక ఇళ్ళన్నీ ఇంకొకామెకు అలవాటు పడతాయి. మళ్ళీ నా బుట్ట ఎవరు దించమంటారు? బిడ్డను బడి మానిపించి వలలు అల్లే కూలికి పంపాల్సిందే. మీరొచ్చి ఒక్క మాట చెప్పండి."

"ఏమని చెప్పాలమ్మా?"

"ఆ పొద్దు బడి ఉండిందా లేదా, అది చెప్పండి చాలు."

హెడ్మాస్టరు గారిని రమ్మన్నాను. ఆయన ఊరి విషయాల్లో మనం దూరకూడదన్నారు. దురాయి అడిగింది ఎవరో ఆ నిమిషానికి ఆయనకు గుర్తున్నట్టు లేదు. ఆ సాయంత్రం నేనొక్కదాన్నే వెళ్ళాను. వలలు బాగుచేసుకునే షెడ్డులో పెద్దలు కూర్చుని ఉన్నారు. నాకు కుర్చీ వేశారు. ఆ తల్లి కొంచెం దూరంలో ఇసుకలో నిలబడింది, కూతురు ఆమె వెనక ఉంది.

బడి లేదని చెప్పాను. ఉత్తర్వు ఫోనులో చూపించాను. లేని బడికి రాలేదని ఒక ఇంటిని ఎలా శిక్షిస్తారని అడిగాను. ఇంత సూటిగా ఉన్న విషయానికి ఇక జవాబేముంటుందని నా ధీమా.

కాపు ఫోను వైపు చూడలేదు.

"కాయితం నిజమే అయ్యుంటాదమ్మా, మేం కాదనలా. రేపు గాలి ఎక్కువైతే సముద్రం మీదికి పోవద్దని దురాయి పెడతాం. అప్పుడొకడు ఫోను చూసి, నాకు గాలి లేదని కనిపిస్తా ఉండాది, నేను పోతానంటాడు. వాణ్ని ఎట్లా ఆపేది? దురాయి మేం ఎత్తిందాకా ఉంటాది. అట్లా ఉండబట్టే మా మగోళ్ళు ఇంటికి వస్తా ఉండారు."

ఆయన చెప్పింది సబబుగానే ఉంది, నేను చెప్పిందీ సబబుగానే ఉంది, మధ్యలో పోతున్నది ఆమె రేవు.

అప్పుడు ఆ తల్లి మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"బిడ్డలు సదువుకోవాలనే గదా మీరు దురాయి పెట్టింది. నా బిడ్డ సదివింది మామా. సదివి, ఈ పొద్దు బడి లేదు మా అని చెప్పింది. సదవకుండా ఉంటే ఆ పిల్లోళ్ళతో పాటు పోయి తడిసుండేది, మాకు తప్పు ఉండేది కాదు."

పెద్దల్లో ఒకాయన గడ్డం గోక్కున్నాడు. కాపు నా వైపు తిరిగాడు.

"మీరు ఒక మాట వచ్చి చెప్పుండొచ్చు గదమ్మా. బడి కాడ నిలబడి లేదంటే పిల్లోళ్ళు ఇంటికి పోయుండేవాళ్ళు."

"ఆ వానలో ఎలా వస్తానండీ? రాలేమనే కదా సెలవిచ్చింది."

"పిల్లోళ్ళు వచ్చినారు."

ఆయన దెప్పుతున్నట్టు అనలేదు. జరిగింది చెప్పాడు. నాకు మాత్రం ముఖం మీద కొట్టినట్టయింది. నేను ఉత్తర్వు ప్రకారం నడిచాను, నాది తప్పని ఇప్పటికీ అనుకోను. అయినా ఆ రెండు మాటల ముందు నా ఉత్తర్వు ఎందుకూ కొరగాలేదు. ఆ తల్లి నన్నే చూస్తోంది. ఆ చూపుకో, నా ఉక్రోషానికో, అనేశాను.

"సరే. రానిది బడి. ఆ శిక్షేదో బడికే వేయండి, ఆ ఇంటిని వదిలేయండి."

పెద్దలు తమలో తాము చాలాసేపు మాట్లాడుకున్నారు. గాలికి నాకు సగం వినిపించలేదు. చివరికి కాపు చెప్పాడు. దురాయి బడి కోసం పెట్టింది కాబట్టి బడి కూడా దానికి లోబడాలి. ఇకమీద సెలవైతే సెలవని చెప్పడానికి బడి మనిషి ఒకరు ఊళ్ళోకి రావాలి. ఆ మనిషి వచ్చి చెప్పేదాకా పిల్లలు బడికి వస్తూనే ఉంటారు. ఒప్పుకుంటే ఆ ఇంటి మీద తప్పు లేదు. ఒప్పుకుని బడి ఎప్పుడైనా తప్పితే, ఈ తప్పు మళ్ళీ ఆ ఇంటి మీదికే పోతుంది.

ఒప్పుకున్నాను. ఆ తల్లి నాకు దండం పెట్టలేదు, మెచ్చుకోలేదు. మర్నాడు తెల్లారి పాటలో నిలబడిందని పిల్లలు చెప్పారు.

హెడ్మాస్టరు గారు సంగతంతా విని, మీరే ఒప్పుకున్నారు కాబట్టి మీరే వెళ్ళాలన్నారు. అలా మా బడి వాన సెలవులకు ఒక పద్ధతి ఏర్పడింది. పైనుంచి సెలవు వస్తుంది. టీచర్లంతా ఇళ్ళలో ఉంటారు. నేను మాత్రం మొదటి బస్సుకు బయలుదేరి, ఈ రోజు ఎవరూ ఇల్లు కదలవద్దని చెప్పడానికి ఇల్లు కదులుతాను. మా ఇంట్లో మొదట నవ్వారు, తర్వాత తిట్టారు. అధికారులకు చెబితే ఏమంటారో తెలియదు కాబట్టి చెప్పలేదు. కాపుకు ఫోను చేస్తే సరిపోతుంది కదా అని ఒకసారి అడిగి చూశాను. ఫోను చూసే కదమ్మా ఇంత జరిగింది అన్నాడు.

ఈ మధ్య వచ్చిన వాయుగుండం నాడు బస్సు వాకాడులోనే ఆగిపోయింది. ముందు రోడ్డు మీద నీళ్ళు. షేర్ ఆటోలు లేవు. నిజం చెప్పాలంటే వెనక్కి తిరిగి పోదామనుకున్నాను. టీ కొట్టు పంచన నిలబడి ఉంటే ఆ తల్లి వచ్చింది. బస్సు వాకాడు దాటదని తెలిసి, నా కోసమే ఒక ఆటోను మాట్లాడుకుని వచ్చింది. అందులో ఉన్న ఖాళీ చేపల బుట్టలు పక్కకు నెట్టి చోటు చేసింది. ఆటో నీళ్ళలో మెల్లగా పోతుంటే నా మనసులో ఉన్నది అనేశాను.

"ఇంత వానలో నన్ను ఈడ్చుకుపోవడం అవసరమా? ఆ తుపాను నాడు చేసినట్టే మీ అమ్మాయి సెలవో కాదో చదివి చెప్పగలదు కదా. నలుగురికీ చెప్పమను, నమ్మరా?"

ఆమె వాన వైపే చూస్తూ చెప్పింది.

"నమ్ముతారు మేడం, ఒకనాటికి. ఆ నాటిదాకా నాకు రేవు గావాల, దానికి సదువు గావాల. ఏదో ఒకటి వదులుకోమని మాకు ఎవరూ చెప్పకుండా ఉండాలంటే మీరు రావాల."

ఆటో బడి ముందు ఆగింది. వరండాలో పిల్లలు గోడకు ఆనుకుని వరసగా ఉన్నారు, ఆ అమ్మాయి కూడా వాళ్ళలో ఉంది. తడిసిన సంచిలోంచి తాళంచెవి తీసి, గది తెరిచి, అందరినీ లోపల కూర్చోబెట్టి, ఈ రోజు బడి లేదని చెప్పాను.