రెండు సీట్ల కారు, రెండెకరాల చెలక

మొన్న నల్లగొండ బస్టాండు ముందు, ఎండలో గంటసేపు నిలిచి ఉన్న ఆటో ఎక్కి కూర్చున్నాను. పంచె మీదుగా సీటు చురుక్కుమని అంటుకుంది. కాగిన రెగ్జిను వాసన, దానితో పాటు పెట్రోలు వాసన ముక్కుకు తగిలాయి. ఆటో అబ్బాయి "జర జరుగు పెద్దాయనా, ఇంకొకలొస్తరు" అంటున్నాడు గాని నా ధ్యాస అక్కడ లేదు. అరవై ఏళ్ళ కిందట నందికొండ దవాఖాన ముందు, పైకప్పు లేని నా ఎర్ర కారులో ఉన్నాను. పక్క సీట్లో తెల్లచీర కట్టుకున్న మార్తమ్మ సిస్టరు కూర్చోబోయి, చటుక్కున లేచి, "యాదగిరీ, గిది కుర్చీయా, పెనమా?" అని అడుగుతోంది.

మీరెవరూ ఆమెను చూసి ఉండరు. నందికొండ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట కడుతున్న రోజుల్లో, కూలీల కోసం పెట్టిన చిన్న దవాఖానలో ఆమె నర్సు. అప్పటికి నలభై దాటి ఉంటాయి. పొట్టి మనిషి, నలుపు, చేతికి మగవాళ్ళ గడియారం. మనిషిని చూడగానే ముందు ఒక ప్రశ్న వేసేది. జ్వరంతో వచ్చినవాణ్ణి జ్వరం గురించి అడిగితే అందులో వింత లేదు. రాళ్ళు పగలగొట్టేవాడు వస్తే రాయి ఏ వైపు నుంచి కొడితే చీలుతుందో అడిగేది. నేను వర్క్‌షాపులో మెకానిక్కుని. ఒకసారి ఫ్యాను బెల్టులో పడి చూపుడు వేలు చీరుకుపోయింది. కుట్లు వేస్తూ అడిగింది.

"గా బెల్టు ఎందుకు తిరుగుతది?"

"ఇంజను తిప్పుతది సిస్టరమ్మా."

"ఇంజన్ను ఏది తిప్పుతది?"

నాలుగో కుట్టు పడేసరికి పిస్టను దాకా వచ్చాం. నొప్పి మరిపించడానికి అడుగుతోందనుకున్నాను. కట్టు కట్టడం అయిపోయాక కూడా వదల్లేదు. బల్ల మీద కూర్చోబెట్టి, దూదితో సీసాతో బొమ్మ పేర్చి, పెట్రోలు మంటగా ఎట్లా మారుతుందో చెప్పించుకుంది. బయట ఇద్దరు రోగులు దగ్గుతున్నారు. అప్పుడు తెలిసింది, ఆమెకు ఆ సంగతి నిజంగానే కావాలని. అంతవరకు నా పని గురించి నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఎంత గర్వపడ్డానో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఆమె ఒక చిట్టీ నడిపేది. ఇరవై నలుగురం, తలా యాభై రూపాయలు. నెల మొదటి ఆదివారం ప్రార్థన నుంచి ఆమె తిరిగి రాగానే దవాఖాన వరండాలో పాట. పన్నెండు వందల్లో ఎవరు ఎక్కువ వదులుకుంటే వాళ్ళకు చిట్టీ. పాడుకున్నవాళ్ళు ఇద్దరి జామీను తేవాలి. మధ్యలో ఎవరైనా కట్టకపోతే ఆ యాభై సిస్టరు జీతంలోంచి పోయేది. పాట గెలిచినవాళ్ళను ఆమె రెండు ప్రశ్నలు అడిగేది. ఎందుకు కావాలి? కొన్నాక అది నెలకేం తింటది? బర్రె కొనేవాడు చెప్పాలి, కుట్టుమిషను కొనేవాడూ చెప్పాలి.

మొదటి చిట్టీ నడిపేవాళ్ళది. దాన్ని ఆమె కల్వకుర్తి అవతల తన ఊళ్ళో ఒక పటేలుకు బయానాగా కట్టింది. వాళ్ళమ్మ బతికినన్నాళ్ళు కూలికి పోయిన రెండెకరాల చెలకకు ఆ బయానా. మిగిలింది నెలనెలా జీతంలోంచి కూడబెట్టి దసరాకు కట్టాలి, అదీ గడువు. ఈ సంగతి క్యాంపులో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఆ తెలిసిన సంగతిని పక్కన పెట్టి నేను చేసిన పని ఇప్పుడు చెబుతాను.

ఒక కాంట్రాక్టరు గారి కొడుకు మద్రాసు నుంచి ఆ కారు తోలుకొచ్చాడు. బిలాయతీది, ఎర్రది, రెండే సీట్లు, మోకాలెత్తు తలుపులు. నందికొండ రాళ్ళ దారి మీద గేరుబాక్సు పగలగొట్టుకుని, విసుగెత్తి, పన్నెండు వందలకు అమ్ముతానన్నాడు. గేరుబాక్సు నేను బాగు చేయగలను. వయసు ఇరవై నాలుగు, జీతం నూటముప్పై, చేతిలో మూడు వందలు. చిట్టీ రెండో నెలలో ఉంది. పాటలో ఒకేసారి మూడు వందలు వదులుకుంటానన్నాను. వరండా అంతా నవ్వింది. అంత ఎవరూ పాడరు.

సిస్టరు నవ్వలేదు. "నెలకేం తింటది?" అంది.

"పెట్రోలు, సిస్టరమ్మా. తోలితేనే తింటది. నిలబెడితే ఏం తినదు."

"జామీను?"

స్టోరు కీపరు రామచంద్రం ఒక జామీను ఇచ్చాడు. రెండోది ఎవరూ ఇవ్వలేదు. బర్రెకైతే ఇస్తామని, కారుకు ఇవ్వమని మొహం మీదే చెప్పారు. సిస్టరు కాసేపు కారు ఉన్న దిక్కు చూసింది. తర్వాత "రెండోది నాది రాసుకుందం" అంది.

రామచంద్రం బిత్తరపోయాడు. "చిట్టీ నీదే, జామీను గూడ నీదేనా? రేపు ఈడు కట్టకపోతే ఎవల్ని అడుగుతవు?"

"నన్ను నేనే అడుగుత" అంది ఆమె.

ఆమె ఎందుకు అట్లా చేసిందో నాకు అంతు పట్టలేదు. అడిగే ధైర్యమూ లేదు. డబ్బు చేతికొచ్చాక ఆ ఆలోచనా లేదు.

నా తప్పు ఎట్లాంటిదో చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి. మాది పానగల్, సాలెవాళ్ళం. మా ఇంట్లో అప్పు అంటే నూలు. సావుకారు నూలు ఇచ్చి పేరు రాసుకుంటాడు, బాపు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి నేస్తాడు, చీరలు పోతాయి, అప్పు తగ్గుతుంది. మళ్ళీ నూలు వస్తుంది. సరుకు ఎప్పుడూ సావుకారుదే, ఒళ్ళే మాది. పని చేస్తూ పోతే అప్పు దానంతటదే అరిగిపోతుందని నేను పాలతో పాటు తాగాను. కారు విషయంలోనూ అదే లెక్క వేసుకున్నాను. కష్టపడతాను, తోలుకుంటాను, తీరిపోతుంది. తోలుతున్న కొద్దీ పెట్రోలూ టైర్లూ నేనే కొనాలన్న మాట నా నెత్తికి ఎక్కలేదు. నవ్వుకోండి. సాలెవాడు కారు కొంటే ఇట్లాగే ఉంటుంది.

మొదటి రెండు నెలలు మాత్రం నేను రాజుని. హిల్ కాలనీ దారిలో సాయంత్రం ఆ కారు తోలుతుంటే గాలి చెవుల్లో హోరెత్తేది. అంత సంతోషం నాకు తర్వాత పెళ్ళిలో కూడా కలగలేదు, మా ఇంటావిడ ఈ మాట చదవకుండా ఉంటే బాగుండు. తర్వాత ఒక టైరు పగిలింది. ఆ కొలత టైరు హైదరాబాదులోనే లేదు, బొంబాయి నుంచి రావాలన్నారు. ఆ నెల యాభై కట్టలేదు. మరుసటి నెల రేడియేటరు. ఆ తర్వాత పెట్రోలు బంకువాడి బాకీ. మూడు నెలలు వరుసగా చిట్టీ ఎగ్గొట్టాను. దవాఖాన ముందు కారు కనిపిస్తే సిస్టరు వచ్చి, కొత్త టైరు మీద వేలితో రాసి, "గీ గీతలెందుకు?" అని అడిగేది. ఆ ప్రశ్నకు జవాబు చెబుతూ నేను బాకీ సంగతి మరిచినట్టు నటించేవాణ్ణి.

దసరాకు వారం ముందు, "నన్ను మా ఊరికి తీస్కపోతవా? పెట్రోలు నేను పోయిస్త" అంది. తెల్లవారాక బయల్దేరి దేవరకొండ మీదుగా పోయాం. దారి పొడుగునా గేర్ల గురించి అడుగుతూనే ఉంది. ఒకచోట తనను తోలనిమ్మంది. నాలుగు ఫర్లాంగులు తోలి, కంచెలోకి ఎక్కించి, కిలకిలా నవ్వింది. ఆమె అట్లా నవ్వడం అంతకు ముందు నేను చూడలేదు.

ఊరు కనబడగానే "ఆపు" అంది. దిగి నడిచి వెళుతుందనుకున్నాను. ఆ ఊళ్ళో వాళ్ళవాళ్ళు పటేలు ఇంటి ముందు నుంచి చెప్పులు చేత పట్టుకుని నడవాలని నాకు తెలుసు.

"నేనిక్కడ్నే ఉండాల్నా సిస్టరమ్మా?"

ఆమె సీసాలో నీళ్ళు తాగి, కొంగుతో మొహం తుడుచుకుని, విడిచి ఉంచిన చెప్పులు తొడుక్కుంది. "పదహారేండ్లు వచ్చేదాక ఈ బాట మీద నడిచిన. ఇగ చాలు. గడప దాక పోనియ్యి."

పోనిచ్చాను. పటేలు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ముందు కారును చూశాడు, తర్వాత ఆమె కాళ్ళను చూశాడు, ఆ తర్వాతే మొహం చూశాడు.

"ఎల్లమ్మ బిడ్డవు గదా?"

"అవును పటేలా. మిగిలిన పైసలు తెచ్చిన. నూటయాభై తక్కువైనయి. రెండు నెలలు గడువియ్యి."

నూటయాభై. మూడు యాభైలు. నేను ఎగ్గొట్టిన మూడు నెలలవి.

పటేలు కోపంగా ఏమీ మాట్లాడలేదు. నవ్వాడు కూడా. "మీ అమ్మ నడిచొచ్చి అడిగేది, నేను ఇచ్చేటోన్ని. కార్ల తిరిగేటోళ్ళకు గడువెందుకు? నగదు పట్టుకొని ఇంకొకాయన నా చుట్టు తిరుగుతుండు. నీ బయానా నీకిస్త, తీస్కపో."

కారు నాది. ఆ నూటయాభై నా బాకీ. ఆ రెండు మాటలు చెప్పడానికి నేను కారు దిగాలి, పది అడుగులు నడవాలి, అంతే. నేను దిగలేదు. పరువు అడ్డం వచ్చింది. కారున్న పడుచువాడు అప్పులవాడని పటేలు ముందు తేలడం నాకు ఇష్టం లేకపోయింది. ఆమె బయానా లెక్క చూసుకుని, రుమాలులో ముడి వేసుకుని వచ్చి, సీటు మీద తువ్వాలు పరిచి కూర్చుంది.

డిండి వాగు దాటాక ఆమే అడిగింది, "గేరు మారిస్తే చప్పుడెందుకు మారుతది?" నాకు ఏడుపు వచ్చేసింది. కారు పక్కకు తీసి, స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చాను. అమ్మేస్తానన్నాను.

"ఇప్పుడమ్మితే నాలుగు నూర్లస్తయి. కారు పాయె, అప్పు మిగిలె. అదేం తెలివి?" అంది. మళ్ళీ తనే అంది. "మీ బాపు అప్పు నేస్తే తగ్గుతది. నీ అప్పు తోలితే పెరుగుతది. రెండు ఒకటే అనుకున్నవు. నిలబెడితే ఏం తినదని నువ్వే గదా చెప్పినవు. నిలబెట్టు."

మరునాడే చక్రాలు విప్పి, దవాఖాన వెనుక నాలుగు రాళ్ళ మీద కారును ఎక్కించి, తాటిపత్రి కప్పాను. పెట్రోలు డబ్బు చిట్టీకి పోయింది. ఆదివారాలు లారీలు బాగు చేసి ముందు ఆమె నూటయాభై తీర్చాను. తీసుకుంటున్నప్పుడు ఆమె ముఖంలో ఏమైనా కనబడుతుందా అని చూశాను. "నోట్లు గింత జిడ్డుగున్నయేంది?" అని మాత్రం అడిగింది. ఏడాదిన్నర ఆ కారు కదల్లేదు. చివరి నెలలకు ఆమెకు పాలమూరు దవాఖానకు బదిలీ అయింది. ఆఖరి యాభై మనియార్డరు చేసి, ఆ సాయంత్రం చక్రాలు బిగించాను. రెండేళ్ళు తనివితీరా తోలి, మోజు తీరాక అమ్మాను. అప్పు కోసం అమ్మలేదు. ఆ ముక్క ఇప్పటికీ గొప్పగానే చెప్పుకుంటాను.

చాలా ఏళ్ళ తర్వాత పాలమూరు పోయి ఆమెను చూశాను. రిటైరై, ఊరి బయట గుట్ట కింద ఒక ఎకరం కొనుక్కుంది. రాళ్ళు ఏరుతూ కనబడింది. జొన్న మోకాలెత్తు కూడా లేదు. చాయ్ తాగుతూ, ఇన్నేళ్ళూ లోపల ఉన్నది అడిగాను, ఆ రోజు నాకు ఎందుకు జామీను పడ్డావని.

"నాకు గా కారెక్కాల్నని ఉండె" అంది. "నలభై ఏండ్లకు ఒక్కటన్న గిట్ల ఎక్కాల్ననిపించదా మనిషికి? నేను కొనలేను. నువ్వు కొంటవనిపించింది."

నడిచి పోయి అడిగి ఉంటే పటేలు గడువు ఇచ్చేవాడేమో కదా అన్నాను.

"ఇచ్చునేమో. ఇయ్యకపోవునేమో. తెలుసుకోనీకె రెండోసారి పోలేం గదా" అని, చాయ్ గ్లాసు కింద పెట్టింది. ఆమెకు కోపం లేదు. నిజంగానే ఆలోచిస్తోంది.

అప్పుడు చెప్పాను. ఆ రోజు కారు దిగి, బాకీ నాదని, కారు నాదని పటేలుకు చెప్పవలసిందని, పరువు కోసం చెప్పలేదని. చెప్పడానికి నాకు పద్దెనిమిదేళ్ళు పట్టింది. ఆమె నా వైపు తిరిగి, కుట్లు వేస్తూ బెల్టు గురించి అడిగిన గొంతుతోనే అడిగింది.

"చెప్పి ఉంటే, ఇస్తుండెనంటవా?"

ఆమె పోయి చాలా కాలమైంది. వర్క్‌షాపులో నా కింద పనిచేసిన పిల్లలు అప్పుకు జామీను అడగడానికి వస్తే, అది నెలకేం తింటుందని ఆమె లాగే అడిగేవాణ్ణి, చాలాసార్లు సంతకం పెట్టేవాణ్ణి. అంతవరకు ఆమె నేర్పింది నాకు వచ్చింది. ఆ చివరి ప్రశ్న మాత్రం ఇప్పటికీ వేసుకుంటూనే ఉన్నాను. పటేలు గడువు ఇచ్చేవాడే అనిపించిన రోజు అన్నం దిగదు. ఇచ్చేవాడు కాదని అనిపించిన రోజు, నా తప్పు తేలిక చేసుకోవడానికే అట్లా అనుకుంటున్నానని నన్ను నేను నమ్మను.