తొలి పిడికెడు

లక్డారం ఊళ్లో తొలి పిడికెడు విత్తనం అందరిచేతా వేయించరు. చేతివాసి ఉన్నవాడే వేయాలి. బాలప్ప పన్నెండో ఏట వాళ్ల నాయన ముచ్చటపడి ఆ పిడికెడు కొడుకు చేతిలో పోశాడు. మొలకెత్తాక ఆ ఏడు చినుకు రాలలేదు. జొన్న మాడిపోయింది. నిజానికి ఊరందరి చేలూ మాడాయి. కానీ నాయన నోరు జారాడు: "పాడు చెయ్యిరా నీది."

నాయన ఆ మాట మరునాటికే మరిచిపోయాడు. బాలప్ప మరవలేదు. పెరిగి పెళ్లయ్యాక కూడా కొత్త కుండ తాను ముట్టడు, ఈనిన బర్రెను తాను పితకడు. ఎవరూ ఏమీ అనకముందే తనే అనుకునేవాడు: "నాతోని గాదు. నా చెయ్యి వడితె ఖరాబైతది." పగవాడు కూడా మనిషిని అంతగా తిట్టడు. కాదని ఎవరు చెప్పినా వింటేగా! తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

పందొమ్మిది వందల డెబ్బైల్లో బీరంగూడ దగ్గర సర్కారు కార్ఖానాలో హెల్పరుగా చేరాడు. వెల్డర్లు తిండికి పోయినప్పుడు సగంలో ఉన్న అతుకులు బాలప్ప పూర్తిచేసేవాడు. వేరొకరు మొదలుపెట్టిన పని గనుక భయం లేదు. గోదావరి వైపు నుంచి వచ్చిన ఫోర్‌మన్ సూర్యారావు ఆ అతుకులు చూసి ముచ్చటపడ్డాడు. "ఏవయ్యా బాలప్పా, ఎన్నాళ్లిలా రాడ్లు మోస్తావు? వెల్డర్ పరీక్షకి నీ పేరిచ్చేశాను. నా పరువు తియ్యకు," అన్నాడు.

పరీక్ష నాడు రెండు ఇనుప పలకలు ముందు పెట్టారు. ఈ అతుకు మొదలుపెట్టాల్సింది బాలప్పే. పరీక్ష పెట్టే అధికారి అటు తిరగగానే పక్కనున్న లింగాన్ని బతిమాలాడు. లింగం బాలప్ప ఊరివాడే, పోయినేడే వెల్డరయ్యాడు.

"లింగన్నా, జెర నువ్వు ముట్టియ్యి. నీ చెయ్యి మంచిది. ఇగ మిగిలింది నేను జేస్త."

లింగం నవ్వుతూ ముట్టించాడు. అధికారి వెనక్కి తిరిగేసరికి రాడ్డు లింగం చేతిలో ఉంది.

ఒకరి పరీక్ష ఇంకొకరు రాసినట్టే లెక్క. లింగానికి చీవాట్లు పడ్డాయి, బాలప్పకు ఇక ఎప్పటికీ పరీక్ష లేదన్నారు. సూర్యారావు ఎంత మొత్తుకున్నా వినలేదు. చేతివాసి సంగతి ఆ అధికారికి బాలప్ప ఏం చెప్పగలడు? "నేను అనుకోలే? నా చెయ్యి గింతే," అని గొణుక్కుంటూ బాలప్ప ఇల్లు చేరాడు.

భార్య నర్సింహమ్మ అంతా విన్నది. తొలకరి పడ్డాక విత్తనాల గంప తెచ్చి అతని ముందు దించింది. "ఈయేడు నువ్వే ఎయ్యాలె. లేకుంటె చెల్క బీడు వడనీ."

బాలప్ప ఏడుస్తూ తొలి పిడికెడు వేశాడు.

ఆ ఏడు జొన్న మనిషెత్తు పెరిగింది. కోత నాడు కంకులు చూస్తూ బాలప్ప మెల్లగా అన్నాడు: "వానలు మంచిగ వడ్డయ్, గందుకే పండింది."

నర్సింహమ్మ కొడవలి ఆపింది. "ఎండితె నీ చెయ్యి, పండితె వానా?"

ఇన్నేళ్లూ తనను తాను ఎంత దోచుకున్నాడో అప్పుడు తెలిసొచ్చి, బాలప్ప చేను గట్టు మీద కూలబడ్డాడు. తెల్లారితే మళ్లీ కార్ఖానాకు పోవాలి, లింగానికి రాడ్లు అందించాలి.