నాలుగు రోజుల వల

మధురవాడలో ఒక జూనియర్ కాలేజీలో నేను ఎకనామిక్స్ చెబుతాను. మా పుస్తకంలో ఒక పాఠం ఉంది. రెండు దేశాలు, గుడ్డ, గోధుమలు. మొదటి దేశం రెండింటినీ రెండోదానికంటే బాగా తయారు చేయగలదు. అయినా సరే, ఒకటే చేసుకుని రెండోది పక్క దేశం దగ్గర కొనుక్కోవడమే దానికి లాభం. ఈ మాట చెప్పేసరికి మధ్యాహ్నం క్లాసులో సగంమంది కళ్ళు మూతలు పడతాయి. పిల్లల తప్పేం లేదు. గోధుమలు పండించేవాణ్ణి నేను కూడా ఎప్పుడూ చూడలేదు. అందుకని ఆ దేశాలను తీసేసి, వాటి చోట మా అమ్మానాన్నలను పెట్టాను.

మాది సముద్రం ఒడ్డున జాలర్ల పేట. నేను డిగ్రీలో ఉండగా నాన్నకు కళ్ళు తిరిగే జబ్బు వచ్చింది. పడవ మీద కుదురుగా నిలబడలేక వేట మానేశాడు. అప్పట్నుంచి ఇంటి ముందు పాకలో కూర్చుని చిన్నాన్న పడవ వలలు బాగుచేస్తున్నాడు. అమ్మ హార్బర్లో చేపలు కొని, తట్టకెత్తుకుని, ఆటోలో కాలనీలకు వెళ్ళి అమ్ముతుంది. ఇందులో చిక్కేమిటంటే, వల పని కూడా అమ్మకే బాగా వచ్చు. అమ్మకు అన్నదమ్ములు లేరు. కొడుక్కి నేర్పాల్సిన పనిని తాత కూతురికే నేర్పేశాడు. నాన్న నాలుగు రోజులు కూర్చుని కుట్టే వలని అమ్మ రెండు రోజుల్లో ముగించి చేతులు దులుపుకుంటుంది.

మరి అమ్మే ఎందుకు కుట్టదు? బోర్డు మీద ఈ ప్రశ్న రాస్తే నిద్రపోయేవాళ్ళు కూడా లేచి కూర్చునేవారు. అమ్మ రోజుకు రెండు తట్టలు అమ్మి వస్తుంది. నాన్నకు బేరం చేతకాదు. ఎవరైనా కాస్త దీనంగా మొహం పెడితే ఊరికే ఇచ్చేసే రకం. ఆయన తిరిగితే రోజుకు పావు తట్ట ఖాళీ అవడం గొప్ప. కాబట్టి అమ్మ రెండు రోజులు వల ముందు కూర్చుంటే మేం వదులుకునేది నాలుగు తట్టల అమ్మకం. నాన్న నాలుగు రోజులు కూర్చుంటే వదులుకునేది ఒక్క తట్ట. ఒక పని చేయడం కోసం ఏ పనిని వదులుకున్నామో, అదే ఆ పనికి అసలు ఖర్చు. పుస్తకం దాన్ని అవకాశ వ్యయం అంటుంది. అమ్మ రెండు పనుల్లోనూ నాన్న కంటే గట్టిదే. కానీ వలలో రెండింతలు, అమ్మకంలో ఎనిమిదింతలు. అందుకని తట్ట అమ్మది, వల నాన్నది. తులనాత్మక ప్రయోజనం అంటే ఇంతే. ఈ పాఠం బాగా చెబుతానని కాలేజీలో నాకు పేరు. ఆ పేరు చూసుకుని కొంచెం మురిసిపోయేదాన్ని కూడా.

పోయిన వేసవి సెలవులకు పేటకు వెళ్ళాను. అవి వేట నిషేధం రోజులు. పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. అమ్మ ఎండు చేపలు అమ్ముతోంది. ఆ ఏడాది చిన్నాన్న దగ్గర బాగుచేయాల్సిన వల ఒక్కటే ఉంది. నాన్న రెండు రోజులు కూర్చుని దాన్ని సగం చేశాడు. మూడో రోజు ఆయన్ని చూపించడానికి చిన్నాన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. సాయంత్రానికి గాని రారు.

ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. వల పాకలో పడి ఉంది. నాకు వల కుట్టడం చిన్నప్పట్నుంచే వచ్చు, అది కూడా అమ్మ చేతి వేగంతో వచ్చు. ఇక లెక్క మొదలెట్టాను. సెలవుల్లో నా సమయానికి ఖర్చేమీ లేదు. నేను వదులుకునేది ఫోను చూడటం ఒక్కటే. నాన్నకు ఇంకా రెండు రోజుల పని ఉంది, నాకది ఒక్క రోజు. ఇంతకంటే తేలికైన లెక్క నేను పరీక్షల్లో కూడా ఇవ్వలేదు. కాలి బొటనవేలికి వల తగిలించుకుని కూర్చున్నాను. పొద్దువాలే వేళకు వల మొత్తం అయిపోయింది.

నాన్న వచ్చి చూశాడు. వంగి, వలని ఆ చివర నుంచి ఈ చివర వరకు చేత్తో తడిమాడు.

“బాగా సేసినావు తల్లీ” అన్నాడు.

నేను పొంగిపోయాను.

మర్నాడు నాన్న ఎప్పటిలాగే లేచి, టీ తాగి, పాకలోకి వెళ్ళి కూర్చున్నాడు. సూదికి దారం చుట్టాడు, విప్పాడు, మళ్ళీ చుట్టాడు. కాసేపటికి ఒడ్డు దాకా నడిచి వచ్చాడు. అన్నం సగంలో వదిలేస్తే ఏమైందని అడిగాను. “పని సేయనోడికి ఆకలేటి” అని నవ్వాడు. నేనూ నవ్వాను. అప్పుడు ఎందుకు నవ్వానా అని ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది. ఆ మర్నాడు టీ పెట్టి పిలిస్తే ఆయన లేవలేదు. సాయంత్రం అమ్మ తట్ట దించుకునే వేళకు కూడా గోడవైపు తిరిగి పడుకునే ఉన్నాడు.

“ఏటైంది మీ నాయినకి?” అని అమ్మ అడిగింది.

వల సంగతి చెప్పాను. నా లెక్క కూడా చెప్పాను, పాఠం చెప్పినట్టే చెప్పాను. అమ్మ మొత్తం విన్నది. గొంతు పెంచలేదు.

“బేగి అవ్వాలనుంటే నానే కుట్టీదాన్ని కాదా?” అంది. “పడవ దిగీసిన్నాటి నుంచి మీ నాయినకి ఉన్నదదొక్కటే. తెల్లారితే ఆ వల కోసమే లెగుత్తాడు. నువ్వు కుట్టీసి సెలవులవ్వగానే ఎల్లిపోతావు. రేపు దేనికోసం లెగుత్తాడే?”

వల కుడితే నాన్న వదులుకునేది ఒక తట్టేనని అన్నేళ్ళుగా బోర్డు మీద రాస్తున్నాను. ఆ తట్ట లెక్కలో తప్పు లేదు. కానీ చేతిలోంచి వల లాగేసుకుంటే ఆయన వదులుకునేదేమిటో ఒక్కసారి కూడా లెక్క వేసి చూడలేదు. నా రోజుకు ఖర్చు లేదనుకున్నాను. ఆ ఖర్చంతా నాన్న పెట్టుకున్నాడు.

మర్నాడు ఇంకా వెలుగు రాకముందే మెలకువ వచ్చింది. పాకలో అలికిడి అయితే లేచి వెళ్ళాను. అమ్మ వల ముందు గొంతుక్కూర్చుని ఉంది. చేతిలో చేపలు కోసే చిన్న కత్తి. నేను కుట్టిన చోట జానెడు కోసింది. పక్కకు జరిగి ఇంకో చోట కోసింది. తెగిన ప్రతి వల కన్నూ నేను కుట్టిందే. ప్రాణం ఉసూరుమంది. అమ్మ తలెత్తి నన్ను చూసి, మాట్లాడొద్దన్నట్టు చెయ్యి ఊపింది. మళ్ళీ వంగి కోసింది, ఇంకో రెండు రోజుల పనికి సరిపడా.

తట్ట ఎత్తుకునే ముందు నాన్నను తట్టి లేపింది. “ఇదిగో, నిన్న వల ఆరెయ్యబోతే గుంజ మేకుకి తగులుకుని సిరిగిపోనాది. నీ కూతురికి గట్టిగా కుట్టడం రాదు. లేసి సూడు” అని వెళ్ళిపోయింది.

నాన్న లేచాడు. మొహం కడుక్కుని పాకలోకి వచ్చి, తెగిన చోటు చేతిలోకి తీసుకున్నాడు. పోగుల చివరలు వేళ్ళ మధ్య నలిపి చాలాసేపు చూశాడు. నేను టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాను, ఎటు చూడాలో తెలియలేదు.

“మేకుకి సిరిగితే పోగు పీసుపీసుగా వత్తాది” అన్నాడు. “ఇది కత్తి.”

నేను టీ గ్లాసు ఆయన చేతికిచ్చాను.

“మీ అమ్మకి సెప్పకు” అన్నాడు నాన్న. “నాకు తెలీదనుకోనీ.”

టీ తాగేసి, గ్లాసు పక్కన పెట్టి, బొటనవేలికి వల తగిలించుకున్నాడు. నేను కూడా ఒక చివర పట్టుకోబోతే వద్దన్నాడు. తన పని తాను చూసుకోవడం మొదలుపెట్టాడు. నేను గట్టు మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాను. ఒక కన్ను కట్టడానికి ఎంతసేపు పడితే అంతసేపు తీసుకున్నాడు.

సాయంత్రం అమ్మ వచ్చి పాక ముందు ఆగింది. “ఏటి, అయ్యిందా?” అంది.

“ఏటవుతాది?” నాన్న గట్టిగా కసురుకున్నాడు. “కళ్ళెట్టుకుని ఆరేసుకోవా? రెండ్రోజుల పని పెట్టీసినావు నాకు.”

“నా కళ్ళు బాగానే ఉన్నాయి. ఆ మేకు పీకీలేవా నువ్వు?” అని అమ్మ కూడా అంతే గట్టిగా అంది.

“రేపు పీకుతాను” అన్నాడు నాన్న, సూదిలోకి కొత్త దారం చుట్టుకుంటూ.